అందరూ చూశారు... జబ్బును తప్ప!

ఏడున్నర అడుగుల కుర్రాడు. చూడటానికి లండన్ నగరమంతా ఎగబడింది. పేరుమోసిన రాజవైద్యుడి కన్నూ పడింది. కానీ అతడి తలలోని చిన్న గ్రంథిలో పెరుగుతున్న కణితి సంగతి మాత్రం ఎవరికీ తెలియలేదు. 22 ఏళ్లకే కన్నుమూసిన ‘ఐరిష్ జెయింట్’ చార్లెస్ బైర్న్ జీవితమిది. అతడు పోయిన రెండు వందల ఏళ్ల తర్వాత రెండు పళ్లు చెప్పిన సంగతి, ఎదిగే పిల్లలున్న ప్రతి ఇంటివారూ తెలుసుకోవాల్సింది.

పిల్లాడు ఏపుగా పెరుగుతుంటే మనకెంత మురిపెమో! ఆర్నెల్లకే ప్యాంటు పొట్టిదైపోతే పైకి విసుక్కుంటాం గానీ లోలోపల సంతోషపడతాం. తలుపు పక్కన గోడకు నిలబెట్టి పెన్సిలుతో గీత గీస్తాం. నాన్నను దాటేశాడని చుట్టాలకు చెప్పుకొంటాం. ఇందులో తప్పేమీ లేదు. పొడుగ్గా పెరిగే పిల్లల్లో అత్యధికులు నిక్షేపంగా ఉండేవాళ్లే. అమ్మానాన్నల నుంచో, తాతల నుంచో వచ్చిన ఎత్తే అది. కానీ ఎక్కడో ఒకరి విషయంలో గోడ మీది గీతలు మరో సంగతి చెబుతుంటాయి. వాటిని చదవటం ఎవరికీ రాని రోజుల్లో పుట్టాడు బైర్న్.

గడ్డివాము కథ

ఇప్పటి ఉత్తర ఐర్లండ్‌లో డెర్రీ, టైరోన్ కౌంటీల సరిహద్దున లిటిల్‌బ్రిడ్జ్ అనే చిన్న ఊరు ఉంది. ఆ ప్రాంతంలోనే 1761లో చార్లెస్ బైర్న్ పుట్టాడు. సామాన్య కుటుంబం. అమ్మానాన్నలది మామూలు ఎత్తే. పిల్లాడు మాత్రం ఈడువాళ్లను దాటి, పెద్దవాళ్లను దాటి, గుమ్మాల్నీ దాటి పెరిగిపోవటం మొదలుపెట్టాడు.

ఎందుకిలా? ఊళ్లోవాళ్లు తమకు తోచిన జవాబు చెప్పుకొన్నారు. ఎత్తయిన గడ్డివాము మీద అతడు తల్లి కడుపున పడ్డాడట, అందుకే అంత ఎత్తట! ఇప్పుడు వింటే మీకు నవ్వు రావచ్చు. కానీ చీలిన పెదవితో బిడ్డ పుడితే మనమూ గ్రహణాన్ని తప్పుపట్టినవాళ్లమే కదా. గ్రహణం మొర్రి అనే పేరు నేటికీ పోలేదు. కారణం తెలియనప్పుడు మనిషి కథ అల్లుకుంటాడు. ఆ కథ నిలబడిపోతే అసలు కారణాన్ని వెతికేవాళ్లుండరు. బైర్న్ విషయంలో అదే జరిగింది.

టీనేజీ దాటేసరికి అతడి ఎత్తే అతడి జీవనాధారమైంది. జో వాన్స్ అనే వ్యక్తి వెంటబెట్టుకుని సంతల్లో, ఊళ్లలో ప్రదర్శనలు ఇప్పించాడు. ఐర్లండ్ నుంచి స్కాట్లండ్, అక్కడి నుంచి ఇంగ్లండ్. ఎడిన్‌బరోలో వంతెన మీది వీధిదీపానికి నిచ్చెన లేకుండానే పొగగొట్టం ముట్టించుకుని, రాత్రి కాపలావాళ్లను హడలగొట్టాడని ఓ ముచ్చట చెబుతారు. వింతగా ఉంటుంది గానీ, ఆ ముచ్చటలో ఉన్నది ఇరవై ఏళ్ల పిల్లాడని మరచిపోవద్దు.

టిక్కెట్టు పెట్టి చూశారు

1782 ఏప్రిల్‌లో బైర్న్ లండన్ చేరుకున్నాడు. అప్పటికి అతడికి 21 ఏళ్లు. స్ప్రింగ్ గార్డెన్స్‌లో గది తీసుకున్నారు. పత్రికల్లో ప్రకటనలు వేయించారు. చూడాలంటే మనిషికి రెండున్నర షిల్లింగులు. అప్పటి కూలీలకు అది పెద్ద మొత్తమే. అయినా గొప్ప ఇళ్లవారు, సామాన్యులు, వైద్యులు, పండితులు అంతా వచ్చి చూశారు. ఎనిమిది అడుగుల రెండంగుళాల ఎత్తని ప్రకటనల్లో రాశారు. అది వ్యాపారం మాట. ఎముకలు చెప్పే నిజం 7 అడుగుల 7 అంగుళాలు, అంటే దాదాపు 231 సెంటీమీటర్లు. మన ఇళ్లలో మామూలు గుమ్మం ఎత్తు ఏడడుగులని గుర్తుచేసుకోండి.

కొద్ది నెలల పాటు లండన్‌లో ఎక్కడ చూసినా అతడి మాటే. ఆ వేసవిలోనే హేమార్కెట్ రంగశాలలో అతడిని గుర్తుచేసేలా ఓ హాస్య నాటకం కూడా ఆడారు. వినయంగా, మర్యాదగా మెలిగేవాడని చూసినవాళ్లు చెప్పుకొన్నారు. అయితే వింతకు ఆయుష్షు తక్కువ. ఇతర మహాకాయులూ నగరానికి వచ్చారు. చూసినవాళ్లు మళ్లీ రాలేదు. గది మారింది, టిక్కెట్టు ధర తగ్గింది. తాగుడు పెరిగింది. 1783 వసంతంలో అతడి జేబులోని 700 పౌండ్లు దొంగల పాలయ్యాయి. అది అప్పటిదాకా కూడబెట్టిందంతా.

ఒళ్లు అప్పటికే పాడైంది. 1783 జూన్ 1న లండన్‌లోని చేరింగ్ క్రాస్ దగ్గర కాక్‌స్పర్ వీధిలో చార్లెస్ బైర్న్ కన్నుమూశాడు. వయసు 22. తాగుడే కారణమని కొందరు, క్షయ అని కొందరు, డబ్బు పోయిన దిగులని కొందరు అన్నారు. అతడి ఎత్తే ఒక జబ్బు లక్షణం కావచ్చని అనుకున్నవారు లేరు. అనుకునేందుకు అప్పటి వైద్యానికి ఆ జ్ఞానమూ లేదు.

తీరని చివరి కోరిక

ప్రాణం పోయేముందు బైర్న్‌ను పీడించిన భయం ఒక్కటే. తన శరీరాన్ని కోసి చూడాలని శస్త్రవైద్యులు కాచుకుని ఉన్నారని అతడికి తెలుసు. అప్పట్లో ఇంగ్లండ్‌లో చట్టం ప్రకారం కోతకు దొరికేవి ఉరితీసిన హంతకుల శవాలే. అంటే శవాన్ని కోయటం చావు తర్వాత కూడా వేసే శిక్ష కింద లెక్క. ఏ తప్పూ చేయని తనకా శిక్ష ఎందుకు? అందుకే తనను సీసపు పెట్టెలో పెట్టి సముద్రంలో వదలమని స్నేహితులను కోరాడు. దాచుకున్న డబ్బు కూడా అందుకే ఇచ్చాడని చెబుతారు.

కోరిక తీరలేదు. జాన్ హంటర్ ఆ కాలపు మేటి శస్త్రవైద్యుడు, మూడో జార్జి రాజుగారి వైద్యుల్లో ఒకరు. జంతువుల, మనుషుల దేహభాగాలతో పెద్ద సంగ్రహమే పోగుచేశారు. బైర్న్ శవం సముద్రతీరానికి వెళ్లే దారిలో కాపలావాళ్లకు లంచమిచ్చి, పెట్టెలో రాళ్లు నింపించి దాన్ని కాజేశారు. లంచం 500 పౌండ్లని కొన్ని కథనాలు చెబుతున్నాయి. హంటర్ తన ఇంటికి తీసుకెళ్లి, శవాన్ని మరిగించి ఎముకలను వేరుచేశారు. నాలుగేళ్ల పాటు బయటికి పొక్కనివ్వలేదు. ఆ తర్వాత తన ప్రదర్శనశాలలో నిలబెట్టారు. 1786లో సర్ జాషువా రెనాల్డ్స్ గీసిన హంటర్ చిత్రపటాన్ని చూస్తే, కుడివైపు పైమూలన ఓ మహాకాయుడి కాళ్ల ఎముకలు కనిపిస్తాయి. అవి బైర్న్‌వే.

హంటర్ సంగ్రహాన్ని 1799లో ప్రభుత్వం కొనేసింది. అది లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ చేతికి వచ్చింది. అక్కడి హంటేరియన్ మ్యూజియంలో బైర్న్ ఎముకలు తరతరాల సందర్శకులను చూస్తూ నిలబడ్డాయి. 1941లో జర్మన్ బాంబులకు ఆ మ్యూజియం చాలావరకు ధ్వంసమైనా ఆ ఎముకలు మిగిలాయి. బతికున్నప్పుడు ఏడాదికి పైగా జరిగిన ప్రదర్శన, చనిపోయాక రెండు శతాబ్దాలకు పైగా సాగింది.

కపాలం తెరిస్తే...

1886లో ఫ్రాన్స్‌కు చెందిన పియెర్ మేరీ అనే వైద్యుడు ఓ కొత్త జబ్బును వర్ణించారు. పెద్దయ్యాక చేతులు, పాదాలు, దవడ, ముక్కు పెరగటం దాని లక్షణం. దానికి ఆయన పెట్టిన పేరు ఆక్రోమెగలీ. క్రమంగా వైద్యుల దృష్టి పీయూష గ్రంథి మీద పడింది. మెదడు అడుగున, కనుబొమల మధ్య నుంచి లోపలికి వెళ్తే ఎముకలో చిన్న గుంట ఉంటుంది. అందులో బఠాణీ గింజంత పరిమాణంలో కూర్చుని ఉంటుంది పీయూష గ్రంథి. దీన్నే పిట్యూటరీ అంటాం. థైరాయిడ్‌కు, అడ్రినల్‌కు, అండాశయాలకు, వృషణాలకు ఆజ్ఞలు వెళ్లేది ఇక్కడి నుంచే. ఎదుగుదలకు అవసరమైన గ్రోత్ హార్మోన్ తయారయ్యేదీ ఇక్కడే.

1909లో అమెరికా శస్త్రవైద్యుడు హార్వీ కుషింగ్ లండన్ వచ్చారు. కుషింగ్స్ సిండ్రోమ్ అనే జబ్బుకు ఆ పేరు ఆయన వల్లే వచ్చింది. మ్యూజియం బాధ్యతలు చూస్తున్న ఆర్థర్ కీత్‌తో కలిసి బైర్న్ కపాలాన్ని తెరిచారు. పీయూష గ్రంథి ఉండే గుంట మామూలు కన్నా చాలా పెద్దదిగా కనిపించింది. లోపల ఏదో పెరిగి ఎముకను తొలిచిందన్నమాట. బైర్న్ ఎత్తుకు కారణం గడ్డివాము కాదు, కణితి అని 126 ఏళ్లకు తేలింది.

ఆ కణితి ఏం చేస్తుంది? మన చేతుల, కాళ్ల పొడవాటి ఎముకల చివర్లలో మెత్తటి మృదులాస్థి పలకలుంటాయి. పిల్లలు ఎత్తు పెరిగేది వీటి వల్లే. యుక్తవయసు హార్మోన్లు వచ్చాక ఇవి గట్టిపడి మూసుకుపోతాయి. ఎత్తు అక్కడితో ఆగుతుంది. పలకలు మూసుకోకముందే కణితి నుంచి గ్రోత్ హార్మోన్ విపరీతంగా విడుదలైతే ఎత్తు ఆగకుండా పెరుగుతుంది. దీన్ని జైగాంటిజమ్ అంటారు. పైగా కణితి ఒత్తిడితో యుక్తవయసు హార్మోన్లు తగ్గితే పలకలు మూసుకోవటమూ ఆలస్యమవుతుంది. అంటే పెరుగుదలకు యాక్సిలరేటర్ నొక్కటమే కాదు, బ్రేకునూ తీసేసినట్టే. పలకలు మూసుకున్నాక హార్మోన్ ఎక్కువైతే ఎత్తు పెరగదు. ఎముకలు అడ్డంగా మందమవుతాయి. అది ఆక్రోమెగలీ.

చూసేవాళ్లకు కనిపించేది ఎత్తే. లోపల జరిగేది చాలా ఉంటుంది. గుండె కండరం మందమవుతుంది. రక్తపోటు, మధుమేహం వస్తాయి. కీళ్లు అరుగుతాయి. తలనొప్పి వదలదు. భారీగా కనిపించే మనిషిలో బలం మాత్రం ఉండదు. టిక్కెట్టు కొని వచ్చినవాళ్లు అద్భుతాన్ని చూశామనుకున్నారు. నిజానికి వాళ్లు చూసింది ఒక రోగిని.

రెండు పళ్లు చెప్పిన నిజం

ఇంకో ప్రశ్న మిగిలే ఉంది. ఆ కణితి బైర్న్‌కే ఎందుకొచ్చింది? అతడి కాలంలోనే అదే ప్రాంతం నుంచి నైప్ అనే ఇంటిపేరున్న కవల సోదరులు కూడా మహాకాయులుగా ప్రదర్శనలిచ్చారు. బైర్న్‌కు వాళ్లు చుట్టాలని చెప్పుకొనేవారు. అంటే జవాబు ఆ నేలలో కాదు, ఆ రక్తంలో ఉందేమో?

2006లో ఫిన్లండ్ పరిశోధకులు ఓ కీలక విషయం కనిపెట్టారు. పీయూష గ్రంథి కణితులు ఎక్కువగా కనిపించే కొన్ని కుటుంబాల్లో ఏఐపీ అనే జన్యువు దెబ్బతిని ఉంది. ఈ జన్యువు కణాల పెరుగుదలకు బ్రేకులాంటిది. తర్వాత లండన్‌లో ప్రొఫెసర్ మార్టా కార్బోనిట్స్ బృందానికి ఉత్తర ఐర్లండ్ నుంచి వచ్చే రోగుల్లో ఇదే జన్యువులో ఒకే రకం మార్పు కనిపించసాగింది. అప్పుడు వారికి మ్యూజియంలోని బైర్న్ గుర్తుకొచ్చాడు. అతడి రెండు పళ్ల నుంచి డీఎన్ఏ తీశారు. ఆ పరిశీలన ఫలితాలు 2011లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. రెండు శతాబ్దాల నాటి బైర్న్‌లోనూ, నేడు ఆ ప్రాంతంలో ఉంటున్న నాలుగు కుటుంబాల్లోనూ ఉన్నది అక్షరం పొల్లుపోకుండా అదే మార్పు. వీళ్లందరికీ ఒకే మూలపురుషుడో, మూలమాతో ఉండి ఉండాలి. ఆ వ్యక్తి సుమారు 1,500 ఏళ్ల క్రితం బతికి ఉంటారని ఆ అధ్యయనం అంచనా కట్టింది. ఐర్లండ్ జానపద కథల నిండా మహాకాయులెందుకున్నారో ఇప్పుడు అర్థమవుతోందని కొందరు చమత్కరించారు కూడా.

తర్వాత బైర్న్ పుట్టిన మిడ్ అల్‌స్టర్ ప్రాంతంలో మామూలు జనానికి లాలాజల పరీక్షలు చేశారు. అక్కడ సుమారు 150 మందిలో ఒకరికి ఈ జన్యుమార్పు ఉందని తేలింది. మిగతా చోట్ల ఇది చాలా అరుదు. కానీ ఇక్కడ ఆగి మీరో మాట గమనించాలి. 150 మందిలో ఒకరికి జన్యుమార్పు ఉంటే, 150 మందిలో ఒకరు మహాకాయులు కావాలి కదా? కావటం లేదు. ఎందుకని?

తరం దాటి వచ్చే జబ్బు

ప్రతి జన్యువుకూ మనలో రెండు ప్రతులుంటాయి. ఒకటి అమ్మది, రెండోది నాన్నది. ఏఐపీలో ఒక ప్రతి దెబ్బతిన్నా రెండోది బ్రేకు వేస్తూనే ఉంటుంది. పీయూష గ్రంథిలోని ఏదో ఒక కణంలో ఆ రెండో ప్రతి కూడా పాడైనప్పుడే కణితి మొదలవుతుంది. అందుకే జన్యుమార్పు ఉన్న ప్రతి వందమందిలో జబ్బు వచ్చేది సుమారు 20 నుంచి 30 మందికే. మిగతావాళ్లు మామూలు ఎత్తుతో, మామూలు ఆరోగ్యంతో నిండు జీవితం గడిపేస్తారు. తమలో ఆ మార్పు ఉందనే సంగతి వాళ్లకు తెలియనే తెలియదు. కానీ పుట్టే ప్రతి బిడ్డకూ దాన్ని అందించే అవకాశం సగానికి సగం. నాణెం ఎగరేసినట్టే.

బైర్న్ అమ్మానాన్నలు మామూలు ఎత్తులో ఉండటానికి కారణం ఇదే కావచ్చు. మన ఇళ్లలో పొరపాటు జరిగేదీ ఇక్కడే. అమ్మానాన్నలకు లేదు కాబట్టి వంశంలో లేదనుకుంటాం. మేనత్తకో, చినతాతకో, పెద్దమ్మ కొడుక్కో వచ్చిన జబ్బును వేరే ఇంటి సంగతిగా వదిలేస్తాం. జన్యువు దృష్టిలో అది వేరే ఇల్లు కాదు.

మన దగ్గర మరో నమ్మకం కూడా ఉంది. వంశపారంపర్య జబ్బంటే మేనరికాల్లోనే వస్తుందని. కొన్ని జబ్బులకు అది నిజం. తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ లోపమున్న ప్రతి వస్తేనే కనిపించే జబ్బుల ముప్పు దగ్గరి చుట్టరికాల్లో ఎక్కువ. కానీ ఏఐపీ లాంటి వాటిలో ఒక్కరి నుంచి వచ్చినా చాలు. మాది మేనరికం కాదు కదా అని నిశ్చింతగా ఉండటానికి లేదు.

అలాగని భయపడాల్సిన పనీ లేదు. పీయూష గ్రంథి కణితుల్లో అత్యధికం వంశపారంపర్యంగా వచ్చేవి కావు. కుటుంబాల్లో నడిచేవి నూటికి 5 దాకా మాత్రమే. అవి దాదాపు ఎప్పుడూ క్యాన్సర్ కావు కూడా. అయితే ఏఐపీ మార్పుతో వచ్చే కణితులు చిన్న వయసులోనే మొదలవుతాయి. పెద్దగా పెరుగుతాయి. మందులకు కాస్త మొండికేస్తాయి. అందుకే వీటిని ఎంత ముందుగా పట్టుకుంటే అంత మేలు.

బైర్న్ ఇప్పుడు పుట్టి ఉంటే...

ఏటా రెండుసార్లు ఎత్తు కొలిచి రాసిపెట్టుకునే ఇంట్లో పుట్టి ఉంటే, పదేళ్ల లోపో, పదిహేనేళ్ల లోపో అనుమానం వచ్చి ఉండేది. నాలుగేళ్ల వయసు నుంచి యుక్తవయసు దాకా పిల్లలు సాధారణంగా ఏటా 5-6 సెంటీమీటర్లు పెరుగుతారు. యుక్తవయసులో ఒకటి రెండేళ్లు ఈ వేగం పెరిగి మళ్లీ తగ్గుతుంది. మీవాడు ఎంత ఎత్తున్నాడనే దానికన్నా ఎంత వేగంగా పెరుగుతున్నాడన్నదే ముఖ్యం. పిల్లల డాక్టరు దగ్గర ఉండే ఎదుగుదల పట్టికలో ఎప్పుడూ ఒకే గీత వెంట నడిచే పిల్లాడు పొడుగైనా ఫర్వాలేదు. గీత తర్వాత గీతను దాటుకుంటూ పైకి పోతుంటే మాత్రం చూపించాలి.

ఈ లక్షణాలను తేలిగ్గా తీసుకోవద్దు:

• అమ్మానాన్నల ఎత్తుతో పొంతన లేకుండా పెరిగిపోవటం, 18 ఏళ్లు దాటినా ఎత్తు ఆగకపోవటం
• పెద్దవాళ్లలో ఉంగరాలు బిగుసుకోవటం, చెప్పుల సైజు పెరుగుతూ పోవటం
• దవడ ముందుకు రావటం, పళ్ల మధ్య సందులు పడటం, ముక్కు, పెదవులు లావెక్కటం
• వదలని తలనొప్పి, విపరీతంగా చెమటలు, గట్టిగా గురక, చేతుల్లో తిమ్మిర్లు
• పక్కచూపు తగ్గటం. గుమ్మాలకు భుజం తగులుతుండటం, పక్క నుంచి వచ్చే బండి కనిపించకపోవటం. చూపు నాడులు పీయూష గ్రంథికి సరిగ్గా పైనే ఉంటాయి మరి
• అమ్మాయిల్లో నెలసరి ఆగిపోవటం, కాన్పు లేకుండానే పాలు రావటం. అబ్బాయిల్లో యుక్తవయసు మార్పులు ఆలస్యం కావటం. ఈ కణితులు కొన్నిసార్లు ప్రొలాక్టిన్ హార్మోన్‌నూ ఎక్కువగా తయారుచేస్తాయి

ముఖంలో, చేతుల్లో మార్పులు చాలా నెమ్మదిగా వస్తాయి. రోజూ చూసే ఇంట్లోవాళ్లకు తెలియవు. పెళ్లి ఆల్బమ్‌నో, పదేళ్ల నాటి ఫొటోనో పక్కన పెట్టి చూస్తే తెలుస్తాయి. డాక్టర్లు పాత ఫొటోలు తెమ్మనేది అందుకే.

అనుమానం వస్తే వెళ్లాల్సింది ఎండోక్రైనాలజిస్ట్ దగ్గరికి. ముందుగా ఐజీఎఫ్-1 అనే రక్తపరీక్ష చేస్తారు. గ్రోత్ హార్మోన్ రోజంతా ఒకే స్థాయిలో ఉండదు కాబట్టి దాన్ని ఒక్కసారి చూస్తే సరిపోదు. గ్లూకోజు నీళ్లు తాగించి, ఆ తర్వాత హార్మోన్ తగ్గుతోందో లేదో చూస్తారు. ఆరోగ్యవంతుల్లో తగ్గాలి. తగ్గకపోతే ఎమ్మారైతో పీయూష గ్రంథిని పరిశీలిస్తారు.

చికిత్స అంటే తలకు కోత పెడతారని భయపడొద్దు. చాలావరకు ముక్కులోంచే పరికరాలు పంపి కణితిని తీసేస్తారు. మిగిలిన భాగం నుంచి హార్మోన్ వస్తుంటే ఆక్ట్రియోటైడ్, లాన్రియోటైడ్ వంటి ఇంజెక్షన్లు, క్యాబర్గోలిన్ మాత్రలు, గ్రోత్ హార్మోన్ పనిని అడ్డుకునే పెగ్విసోమాంట్ ఉన్నాయి. అవసరమైతే రేడియేషన్ ఇస్తారు. పెరిగిన ఎత్తు తగ్గదు. కానీ ఇంకా పెరగకుండా ఆపొచ్చు. గుండెను, చూపును, కీళ్లను కాపాడుకోవచ్చు. ఇంత సాయంలో ఇసుమంతైనా దొరకని కాలంలో పుట్టటమే బైర్న్ దురదృష్టం.

ఒక ఇల్లు... వేర్వేరు గ్రంథులు

కుటుంబాల్లో నడిచే గ్రంథుల కణితులు ఏఐపీతోనే అయిపోవు. కొన్ని ఇళ్లలో ఒక్కొక్కరికి ఒక్కో గ్రంథిలో కణితి వస్తుంటుంది. అందుకే వాటి మధ్య సంబంధం ఎవరికీ తట్టదు.

• ఎంఈఎన్-1: గొంతు దగ్గరి పారాథైరాయిడ్, క్లోమం, పీయూష గ్రంథి దెబ్బతింటాయి. తొలి సూచన చాలామందిలో రక్తంలో క్యాల్షియం పెరగటం. ఇంట్లో ఒకరికి మళ్లీ మళ్లీ కిడ్నీ రాళ్లు, ఇంకొకరికి మానని కడుపు పుళ్లు, మరొకరికి పిట్యూటరీ కణితి ఉంటే వాటన్నిటికీ మూలం ఇదొక్కటే కావచ్చు.
• ఎంఈఎన్-2: మెడుల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సర్, అడ్రినల్ గ్రంథిలో రక్తపోటును ఉన్నట్టుండి పెంచే కణితి దీని లక్షణాలు. జన్యుపరీక్షలో బయటపడిన పిల్లలకు క్యాన్సర్ రాకముందే థైరాయిడ్ తీసేసి కాపాడగలుగుతున్నారు.
• వాన్ హిప్పెల్ లిండౌ: కంట్లో, మెదడులో రక్తనాళాల గడ్డలు, కిడ్నీ, అడ్రినల్ కణితులు దీనివల్ల వస్తాయి.

జన్యుపరీక్ష అందరికీ అక్కర్లేదు. చిన్న వయసులోనే పెద్ద పిట్యూటరీ కణితి వచ్చినవారికి, అతిగా ఎత్తు పెరిగే పిల్లలకు, ఒకే ఇంట్లో ఇద్దరికి గ్రంథి కణితులు ఉన్నప్పుడు డాక్టర్లు సూచిస్తారు. ఒకరిలో మార్పు బయటపడితే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పిల్లలూ చేయించుకోవచ్చు. జన్యుమార్పు ఉందని తేలిన పిల్లలను చిన్నప్పటి నుంచే ఏటా ఎత్తు, హార్మోన్లు చూస్తూ గమనిస్తారు. ఇలా ముందే దొరికిన కణితులు చిన్నవిగా ఉంటాయి, చికిత్స ఫలితమూ మెరుగ్గా ఉంటుంది. లేదని తేలినవారు జీవితాంతం ఈ బెంగ వదిలేయొచ్చు. అదీ చిన్న లాభం కాదు.

చెప్పటమే మొదటి మందు

ఇంత తెలిసినా మన ఇళ్లలో ఒక అడ్డంకి ఉంటుంది. మౌనం. పెళ్లి కావాల్సిన పిల్లలున్నారని జబ్బు పేరు బయటికి చెప్పరు. అన్న తలకు ఆపరేషన్ అయినా తమ్ముడి ఇంట్లో పిల్లలకు తెలియదు. మీ భయం అర్థంచేసుకోదగిందే. కానీ దాచిన కబురు ఆగిపోదు, జన్యువుతో పాటే తర్వాతి తరానికి వెళ్తుంది. వీధంతా చెప్పనక్కర్లేదు. అదే రక్తం పంచుకున్నవాళ్లకు చెబితే చాలు. ఎలా చెప్పాలో తోచకపోతే జన్యు సలహాదారులు సాయం చేస్తారు. పరీక్ష చేయించుకోవాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టం. ఆ ఇష్టాన్ని గౌరవించాలి.

బైర్న్‌కు దక్కనిది ఆ గౌరవమే. అతడి పళ్లు ఎన్నో కుటుంబాలకు మేలు చేశాయి, నిజమే. కానీ ఆ మేలుకు అతడిని ఎవరూ అడగలేదు. సముద్రంలో కలపమన్న మనిషిని గాజు పెట్టెలో నిలబెట్టటం న్యాయమా అని చాలా ఏళ్లు చర్చ నడిచింది. చివరికి 2023 జనవరిలో మ్యూజియం నిర్వాహకులు అతడి అస్థిపంజరాన్ని ఇక ప్రదర్శించబోమని ప్రకటించారు. మరమ్మతుల తర్వాత అదే ఏడాది మేలో మ్యూజియం తలుపులు తెరిచేసరికి బైర్న్ అక్కడ కనిపించలేదు. ఎముకలను పరిశోధన కోసం మాత్రం భద్రపరిచారు. సముద్రం ఇంకా దక్కలేదు. కనీసం టిక్కెట్టు కొన్న కళ్ల నుంచి విముక్తి దక్కింది.

ఈసారి పండక్కి అందరూ కలిసినప్పుడు పిల్లలను గోడకు నిలబెట్టి గీత గీయండి. పక్కనే తేదీ, సెంటీమీటర్లు కూడా రాయండి. అక్కడే కూర్చున్న నాయనమ్మనో, అమ్మమ్మనో ఓ మాట అడగండి. మన ఇంట్లో ఎవరికైనా తలలో గడ్డ, గొంతులో గడ్డ, చిన్న వయసులోనే ఎడతెగని కిడ్నీ రాళ్లు, అందరినీ మించిన ఎత్తు ఉండేవా అని. వాళ్లు చెప్పే పాత ముచ్చట్లలో ఏదో ఒకటి మీ డాక్టరుకు పనికిరావచ్చు.